కణములలో రెండు తెగలు
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన పిల్లలు కేంద్రకపూర్వ కణము, నిజకేంద్రక కణము అను మాటలను వల్లెవేయుచుండగా మీరు వినియుందురు. అవి పరీక్షకొఱకు మాత్రమే నేర్వదగిన మాటలు కావు. మన వంటయింటిలోను, మందుల పెట్టెలోను వానికి పని యున్నది.

రాత్రి పాలలో తోడు వేసినచో తెల్లవారుసరికి పెరుగగును. ఆ పని చేయునది బాక్టీరియా. దాని శరీరమంతయు ఒక్క కణమే. అందు జన్యుపదార్థమైన డి.ఎన్.ఏ. యున్నది గాని, దానిని చుట్టి కాపాడు పొర లేదు. అనగా కేంద్రకము లేదు. ఇది కేంద్రకపూర్వ కణము. ఆవు మేసిన గడ్డి కణములు, మన చర్మపు కణములు నిజకేంద్రక కణములు. వీనిలో డి.ఎన్.ఏ.కు పొరతో కూడిన ప్రత్యేకమైన గది కలదు. శక్తినిచ్చు మైటోకాండ్రియా కలదు.

ప్రోటీనులను తయారుచేయు రైబోసోములు రెండు తెగలలోను ఉన్నవి. అయితే బాక్టీరియా రైబోసోము చిన్నది, 70ఎస్. మన కణద్రవ్యములోనిది పెద్దది, 80ఎస్. ఈ స్వల్పభేదమే ఎందఱి ప్రాణములనో నిలిపినది.

1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికాకు వెడలిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని మీరెఱుగుదురు. లెడర్లీ సంస్థలో ఆయన పరిశోధనలకు అధ్యక్షులుగా నుండగా, అక్కడి శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టియందలి ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది; ఆ యేడే సుబ్బారావుగారు కన్నుమూసిరి. టెట్రాసైక్లిన్ కుటుంబమున అది మొదటిది. అది బాక్టీరియా రైబోసోమునకు అంటుకొని ప్రోటీనుల తయారీని నిలిపివేయును. మన రైబోసోముల నిర్మాణము వేరగుటచే వానిని అంతగా బాధింపదు.

ఇక జలుబు మాట. అది వైరసులవలన కలుగును. వైరసు అసలు కణమే కాదు. దానికి సొంత రైబోసోములు లేవు. ఇట్టి మందు దానినేమియు చేయజాలదు. గొంతు గరగరలాడగానే దుకాణమునకు పోయి రెండు మాత్రలు తెచ్చి బిడ్డకు మ్రింగించినచో, కడుపులోని మేలుచేయు బాక్టీరియా దెబ్బతినును. మందుకు లొంగనివి మిగిలి పెరుగును. రేపు నిజముగా అవసరమైననాడు ఆ మందే పనిచేయకపోవచ్చును. కావున వైద్యుడు వ్రాయనిదే ఈ మందులు వాడకుడు. వ్రాసినచో చెప్పిన దినములన్నియు తప్పక వాడుడు.

ఈ రాత్రి పాలు తోడువేయునప్పుడు మీ బిడ్డను పిలిచి, "ఈ పెరుగు చేయు కణమునకు కేంద్రకమున్నదా?" అని అడుగుడు. ఇంటి తెలుగులో విడమరచి చెప్పగలిగినచో, ఆ చదువు ఒంటబట్టినదని నమ్ముడు.