పరదేశమున చిల్లర చిక్కులు



దూరదేశములకు పోయివచ్చినవారు సాధారణముగా అచ్చటి వింతలను గూర్చి చెప్పుదురు. ఆకాశమునంటు మేడలను గూర్చియు, నయాగరా జలపాతమును గూర్చియు మీరు వినియే యున్నారు. మీ బిడ్డలు పంపిన చిత్రములలో చూచియు నున్నారు. నేను వానిని ముట్టను. 2024వ సంవత్సరము ఆగస్టు మొదలు 2025 జనవరి వరకు నేనును నా భార్యయు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూజెర్సీ రాష్ట్రమున మా అమ్మాయి యింట నుంటిమి. ఆ కాలమున మాకు పెద్ద కష్టమేదియు కలుగలేదు. కాని కాలిలో ముల్లు విరిగినవానికి అది చిన్న ముల్లని చెప్పిన నొప్పి తగ్గునా? అట్టి ముండ్లను గూర్చియే నేను చెప్పబోవునది. మీలో పలువురు నేడో రేపో బిడ్డల యొద్దకు పోవలసినవారే గదా!

మొదటి ముల్లు మనము వెంట తీసికొని పోవునదే. మా తండ్రిగారు కూతురింటికి పోయినచో మంచినీళ్ళు పుచ్చుకొని లేచెడివారు. అట్టివారి కడుపున పుట్టిన నేను అల్లునింట ఆరు మాసములు కంచము ముందు కూర్చుంటిని. అల్లుడుగారు సహృదయులు, ఒక్కనాడును ముఖము చిట్లింపలేదు. అయినను రెండవమారు వడ్డించుకొనవలసి వచ్చినప్పుడెల్ల నా చేయి కొంచెము వెనుకాడుచునే యుండెను.

విమానము దిగిన చోటనే మా కరివేపాకు పోయినది. పెట్టెలోని ఆవకాయ జాడీని చూచి తలయూచి విడిచిన అధికారి, నా భార్య తడిగుడ్డలో చుట్టి తెచ్చిన నాలుగు రెమ్మలను మాత్రము తీసి తొట్టిలో వేసెను. ఆమెకు కన్నీరు వచ్చినంత పనియైనది. పిమ్మట విచారింపగా నియమము సరియైనదే యని తెలిసినది. నిమ్మ, నారింజ జాతుల చెట్లకు తెగులు మోసికొనిపోవు చిన్న పురుగు కరివేపాకుమీదను బ్రదుకునట. 2005లో ఫ్లారిడా రాష్ట్రమున ఆ తెగులు బయటపడి నారింజ తోటలను మిక్కిలి పాడు చేసినది. తోటలు గలవారెవ్వరైనను ఆ పనియే చేయుదురు. కాని కారణము తెలిసినంత మాత్రమున పులుసుకు వాసన రాదు గదా!

ఇక పేర్ల చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. వారికి పెట్టిన పేరు ముందు, ఇంటిపేరు వెనుక. ఈ తలక్రిందులను సరిపెట్టుటకై పాస్‌పోర్టులో రెండు గడులుండును. నా భార్య పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా నుండిపోయినది. దాని ఫలమేమనగా, వీసా చీటిలో ఆమె పేరును ఇంటిపేరు స్థానమునకు నెట్టి, పేరుండవలసిన చోట ‘ఎఫ్.ఎన్.యు.’ అను మూడక్షరములు వేసిరి. ‘మొదటి పేరు తెలియదు’ అని దాని యర్థము. నలుబది యేండ్లు నాతో కాపురము చేసిన మనిషికి, ఊరివారందరు నోరార పిలుచు మనిషికి, పేరు తెలియదని ముద్ర పడినది! ఒకనాడు పంటి వైద్యుని యింట మేము కూర్చుండగా ఒక చిన్నది లోపలినుండి వచ్చి ‘ఫ్నూ, ఫ్నూ’ అని ముమ్మారు పిలిచి, ఎవ్వరును లేవకపోవుటచే వెళ్ళిపోయెను. అది తుమ్మో పిలుపో నాకు తెలియలేదు. మా వంతు పోయినది.

పేర్లు మారుట మనవారికి క్రొత్త గాదు. పూర్వము కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులనుండి ఓడలెక్కి రంగూనుకు పోయిన మనవారి నందరిని బర్మాలో ‘కోరంగీలు’ అనెడివారు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరు అది. ఒక్క రేవు పేరు ఒక జాతి కంతకు తగిలించిరి. దానితో పోల్చినచో ‘ఫ్నూ’ యెంత?

ఆ వైద్యుని యింటనే మరియొక పొరపాటు జరిగినది. మరల రావలసిన దినము 11/12 అని చీటి వ్రాసి యిచ్చిరి. నేను డిసెంబరు పదునొకండు అనుకొని, అంతవరకు లవంగము బుగ్గన పెట్టుకొని యోర్చుకొమ్మని నా భార్యకు చెప్పితిని. వారు నెలను ముందు వ్రాసి దినమును వెనుక వ్రాయుదురు. అది నవంబరు పండ్రెండు. మా అమ్మాయి ఆ చీటిని చూచునప్పటికి నవంబరు పదునైదు వచ్చెను. ముప్పది యేండ్లు పిల్లలకు తప్పులు దిద్దిన నేను ఒక తేదీని చదువలేక యింటిదానికి నొప్పి తెచ్చిపెట్టితిని. ‘చదువుకున్న మొగుడు’ అని ఆమె ఒక్కమాటయే అన్నది.

వేడిని కొలుచుటలోను అంతే. ఒక వేకువను బయట నలుబది డిగ్రీలని వింటిని. రెంటచింతలలో నలుబది యనిన నేమో మీకు తెలియును గదా! పలుచని చొక్కాతో గడప దాటితిని. వారి నలుబది మన లెక్కలో సుమారు నాలుగున్నర.

నడచుట యలవాటైనవారికి ఆ దేశమొక చెర. మా అమ్మాయి యుండు వాడలో వీధులు వెడల్పుగా నున్నవి, చెట్లు అందముగా నున్నవి, కాలిబాట మాత్రము కొంతదూరము సాగి హఠాత్తుగా ఆగిపోవును. కూరలకు, గుడికి, మందులకు, అన్నింటికి కారే. నేను పంచె కట్టి, శాలువ కప్పుకొని, గడ్డి ప్రక్కగా నడచుచుండగా ఒక తల్లి కారాపి ‘దారి తప్పితిరా? ఇంటికి దింపెదనా?’ అని యడిగినది. ఆమె మంచితనమునకు చేతులు జోడించితిని. అయినను, ముసలివాడు నడచుటకు కారణము చెప్పుకొనవలసిన దేశమది.

డిసెంబరులో ఒకరాత్రి జరిగిన సంగతి కొంచెము వివరముగా చెప్పవలసి యున్నది. అచ్చటి యిండ్లు పెక్కు కొయ్య చట్రముమీద కట్టినవి, అగ్నిభయ మెక్కువ. కావున గదుల కప్పునకు తాబేటిచిప్ప వంటి పరికరము నొకదానిని బిగింతురు. పొగ తగిలినచో అది చెవులు బ్రద్దలగునట్లు అరచును. మన పోపునకును ఇల్లు కాలుటకును భేదము దానికి తెలియదు. సామాన్యముగా నా భార్య పోపు పెట్టునపుడు మనుమరాలు కుర్చీ యెక్కి తువ్వాలుతో దానికి విసరుచుండెడిది. ఆ రాత్రి పిల్ల చదువులో నుండెను. ఎండుమిరపకాయలు కొంచెము మాడినవి. చిప్ప అరచినది. నా భార్య కంగారుపడి, పొగ పోవుటకై వీధితలుపు బార్ల తెరచినది. ఆ తలుపు మనవలె వీధిలోనికి తెరచుకొనదు, నాలుగంతస్తుల వారికిని సామాన్యమైన నడవలోనికి తెరచుకొనును. పొగ నడవలోనికి పోయినంతనే భవనమంతయు గంటలు మ్రోగెను. ఎనుబదిమందికి తక్కువ లేరు, చంటిబిడ్డలతో, దుప్పట్లతో, ఒక వృద్ధుడు చక్రముల కుర్చీతో, మంచుగాలిలోనికి దిగి నిలిచిరి. ఎఱ్ఱని అగ్నిమాపక శకటము మ్రోగుచు వచ్చెను. ఇనుపటోపి పెట్టిన ఒక నిలువెత్తు మనిషి మా వంటయింట ప్రవేశించి, మూకుడు చూచి, ఏమి వండుచున్నారని మర్యాదగానే యడిగెను. మా మనుమరాలు ముందుకు వచ్చి ‘మా అమ్మమ్మ పప్పుకు పోపు పెట్టినది’ అని వారి భాషలో చెప్పెను. ఆయన వాసన చూచి నవ్వెను. క్రింద నిలిచినవారిలో ఎవ్వరును మమ్మొక మాట అనలేదు. అనినచో బాగుండెడిది. నా భార్య తొమ్మిది దినములు పోపు లేని పప్పు వండినది.

ఆకాశమున సూర్యచంద్రు లొక్కరే యయినను పంచాంగ మొక్కటి కాదు. మా తండ్రిగారి ఆబ్దికము మేమచ్చట నుండగా వచ్చినది. తిథి లోకమంతటను ఒకే క్షణమున మొదలగును, ఒకే క్షణమున ముగియును. ఆ క్షణము ఒకచోట పగలు, వేరొకచోట రాత్రి. వేసవి గడియారము నడచునపుడు న్యూజెర్సీ మనకంటె తొమ్మిదిన్నర గంటలు వెనుక నుండును. ఉదాహరణకు ఇచ్చట నేటి సాయంకాలము నాలుగు గంటలకు మొదలై రేపు పగలు రెండు గంటల వరకుండు తిథి, అచ్చట నేటి యుదయము ఆరున్నరకే మొదలై రేపు తెల్లవారకమునుపే నాలుగున్నరకు ముగియును. శ్రాద్ధమునకు అపరాహ్ణమున నున్న తిథి ముఖ్యము. ఇచ్చట అది రేపు, అచ్చట నేడు. నా తమ్ముడు ఫోనులో ‘అన్నయ్యా, నాన్నగారి తద్దినం ఒకరోజు ముందే పెట్టేస్తావా?’ అని నొచ్చుకొనెను. ఉన్నచోటి సూర్యుడే ప్రమాణమని నేను చెప్పితిని. శాస్త్రము నా పక్షముననే యున్నది. అయినను మా తండ్రిగారికి రెండు దినములు వరుసగా, ఒకనాడు సముద్రమున కావల, మరునాడు ఈవల, ఆహ్వానము పోయెనని తలచినపుడు నాకే యెట్లో యుండెను. సంకల్పములో జంబూద్వీపమునకు బదులు క్రౌంచద్వీపమని అచ్చటి పురోహితుడు చెప్పించినప్పుడు నా నాలుక ఒకమారు తడబడినది.

కాకికి పిండము పెట్టవలసి వచ్చెను. అచ్చట కాకులు లేకపోలేదు, కాని పిలుచుట వానికి అలవాటు లేదు. వసారా గోడమీద పెట్టిన ముద్దను ఒక ఉడుత వచ్చి రెండుచేతులతో పట్టుకొని తినెను. రెండు దినములకు భవనపు యజమానుల యొద్దనుండి చీటి వచ్చినది: వన్యప్రాణులకు మేత వేయరాదు, మరల జరిగినచో రుసుము విధింపబడును. అల్లుడుగారు ఆ చీటిని నాకు చూపక దాచిరి. మనుమరాలివలన తెలిసికొంటిని.

నవంబరు మొదటి ఆదివారము నాడు దేశమంతటను గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు, మార్చి రెండవ ఆదివారమున ముందుకు త్రిప్పుదురు. హవాయివంటి ఒకటి రెండు రాష్ట్రములు దీనికి ఒప్పుకొనలేదు. నా సంధ్యావందనమునకు దీనితో పని లేకున్నను, మా ఊరికి ఫోను చేయు వేళలన్నియు తారుమారైనవి.

ఇంతవరకు చెప్పినవి ఆరు మాసముల చుట్టమునైన నావి. మా అల్లుడుగారు 2008లో అచ్చటికి పోయిరి. ఇల్లు నడుపుచున్నారు, పన్నులు కట్టుచున్నారు, అయినను వారు నేటికిని పరదేశియే. వారిది పనికై యిచ్చిన తాత్కాలికానుమతి. మొదట మూడేండ్లు, పిమ్మట మరి మూడేండ్లు, స్థిరనివాసమునకు దరఖాస్తు నడచుచున్నచో పొడిగింపులు. పని పోయినచో సామాన్యముగా అరువది దినములలో వేరొక పని చూచుకొనవలెను, లేదా దేశము విడువవలెను. ఉద్యోగమునుబట్టి యిచ్చు స్థిరనివాస పత్రములు ఏటికి సుమారు 1,40,000. ఏ యొక్క దేశమున పుట్టినవారికిని నూటికి ఏడింటికి మించరాదని 1990లో చేసిన చట్టము. చిన్న దేశమునకును మన దేశమునకును ఒకటే కొలత. అందుచే మనవారి వరుస సంవత్సరముల తరబడి కదలక నిలిచియున్నది. అల్లుడుగారు ఆ వరుసలో 2016లో నిలిచిరి. ప్రయాణమైనచో తిరిగి రానిత్తురో లేదోయను జంకుచే, మా తల్లిగారు పోయినపుడు మా అమ్మాయి రాలేకపోయినది. అప్పుడు నేను కోపగించితిని. అచ్చటికి పోయి చూచినగాని ఆ జంకు నాకు తెలియలేదు.

ఆ యింట ఇద్దరు పిల్లలు. చిన్నవాడు అచ్చటనే పుట్టినాడు, పుట్టుకతోనే ఆ దేశపు పౌరుడు. పెద్దది 2009లో మా యింట పుట్టినది. తొలికానుపు పుట్టింటనే జరుగవలెనని పట్టుబట్టి ఉత్తరము వ్రాసినవాడను నేనే. మా అమ్మాయి ఏడవ నెలలో వచ్చినది, మా పెరటి గదిలో పురుడు పోసికొన్నది. నేను మురిసిపోతిని. ఆ పిల్ల ఇప్పుడు తండ్రి యనుమతి నీడన అచ్చట నున్నది. ఇరువది యొకటవ యేడు నిండినంతనే, అనగా 2030లో, వరుస అంతవరకు కదలకున్నచో ఆ నీడ తొలగును. అప్పుడు విద్యార్థినిగా వేరొక యనుమతి సంపాదింపవలెను, లేదా తానెరుగని మన దేశమునకు రావలెను.

ఒకనాటి సాయంకాలము ఆ పిల్ల నా ఫోనులో అక్షరములు పెద్దవి చేసి యిచ్చుచు, తన స్నేహితురాండ్రు వేసవిలో అంగళ్ళలో పనిచేసి డబ్బు సంపాదించిరనియు, తనకు ఆ యధికారము లేదనియు చెప్పినది. ‘తమ్ముడు పెద్దయితే చేయొచ్చు తాతయ్యా, నేను చేయకూడదు. నేను అక్కడెందుకు పుట్టాను?’ అని యడిగినది. నిష్ఠురము గాదు, తెలిసికొనగోరియే యడిగినది. ఆచారమని చెప్పవచ్చును. చెప్పలేదు. ‘నేను రమ్మని వ్రాసితిని’ అంటిని. ఆమె కొంతసేపు నా ఫోనునే చూచి, ‘ఆ గది ఇంకా ఉందా?’ అని యడిగినది. ఉన్నదంటిని. వడ్లబస్తాలు వేసియుంటిమని చెప్పలేదు.

తిరిగి వచ్చిన పిమ్మట బస్తాలు తీయించి, గదికి సున్నము కొట్టించితిని. ఆ పిల్ల అచ్చటి రాత్రి ఏడు గంటలకు ఫోను చేయును. వేసవిలో నాకు తెల్లవారుజామున నాలుగున్నర, చలికాలమున ఐదున్నర. ఏది యైనను నేను లేచియే యుందును.