నీరెక్కువై చూపు మసకబాఱుట



వాన కరవైన ఈ అనంతపురము సీమలో నీరు చాలక చెడుట అందఱెఱిగినదే. నీరెక్కువై మనిషి చూపు తప్పుటయు కలదన్నచో వింతగా తోచును. గ్రంథాలయ రజతోత్సవమున ఇట్టి వైద్యవిషయమేల యందురేమో! ఆపత్కాలమున అక్కఱకు వచ్చు మాట నెఱిగించుటయు గ్రంథాలయధర్మమే.

వయస్సు మీఱిన పురుషులకు మూత్రాశయము క్రిందనుండు ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రము నడ్డగించుట సామాన్యము. సుశ్రుతుడు మూత్రాఘాతములను చెప్పుచు, రాతివలె గట్టిపడి అడ్డుపడు గడ్డను అష్ఠీల యనెను. మందులకు లొంగనిచో వైద్యులు మూత్రమార్గమున గొట్టము చొనిపి, విద్యుత్తు పాఱు తీగతో గ్రంథిని లోపలినుండి చెక్కివేయుదురు.

అప్పుడు నెత్తురు కప్పి చోటు కనబడదు గావున ఎడతెగక ద్రవమును పాఱింతురు. మొదట శుద్ధజలమును వాడిరి. అది రక్తములో చేరి రక్తకణములను పగులగొట్టుచుండెను. అమెరికా వైద్యుడు క్రీవీ 1947లో ఈ సంగతి ప్రకటించెను. తరువాత నూటికి ఒకటిన్నర పాలు గ్లైసీను కలిపిన ద్రవము వాడుకలోనికి వచ్చెను. కణములు పగులుట తప్పెను గాని, వేఱొక చిక్కు మిగిలెను. గట్టు తెగిన కాలువనీరు చేనిలో చొచ్చినట్లు, తెగిన సిరలగుండ ఆ ద్రవము రక్తములో చొరబడును. లీటరునకు 135 మొదలు 145 మిల్లీమోళ్లుండవలసిన సోడియము పలుచబడును. గ్లైసీనేమో కంటి రెటీనాలో సందేశముల నణచివేయును. అందుచే చూపు మసకబాఱును. ఒక్కొక్కప్పుడు పూర్తిగ పోవును. చికిత్స జరిగినచో సాధారణముగా కొన్ని గంటలలో, లేదా ఒకటి రెండు దినములలో చూపు మరలివచ్చును.

అయినను ఊరకుండరాదు. ఓకరింపు, కలవరము, మూర్ఛ వెంట రావచ్చును. సోడియము మిక్కిలి తగ్గినచో ప్రాణాపాయము. చూపు పోవుటకు వేఱు కారణములు నుండవచ్చును; వానిలో కొన్నిటివలన పోయిన చూపు మరల రాదు. సాధారణముగా నడుమునకే మత్తిత్తురు గావున రోగి మెలకువతో నుండును; అతని నోటిమాటయే తొలి సాక్ష్యము. "కన్ను మసకగా నున్న"దని వెంటనే చెప్పవలెను. రక్తపరీక్షతో వైద్యులు కారణము నెఱుగుదురు.

నేడు అనేకచోట్ల గ్లైసీనునకు బదులు ఉప్పుద్రవము వాడు పద్ధతులు వచ్చినవి. ఈ చిక్కు మిక్కిలి అరుదైనది. ఏ ద్రవము వాడుదురో ముందుగా అడుగుట రోగి హక్కు. పుట్టపర్తిలో 1991లో వెలసిన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్యసంస్థలో మూత్రవ్యాధులకును నేత్రవ్యాధులకును ఉచితచికిత్స కలదు. "కోయించుకొన్న కన్ను పోవు"నన్న పుకారునకు వెఱచి మూత్రము బిగబట్టి కాలము గడపువారికి మూత్రపిండములే చెడును. భయమునకు మందు తెలివి; తెలివికి నెలవు గ్రంథాలయము.