ఆడేవాళ్లని అడిగి కుట్టిద్దాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఆగస్టు 9. పొద్దుటి నుంచి పెద్దలు మన భూమి గురించి, మన భాష గురించి, చట్టాల గురించి మాట్లాడారు. మేము హాస్టల్ వాళ్లం. మాకు తెలిసినవి పిల్లలు, ట్రంకు పెట్టెలు, కంచాలు, తీగ మీద ఆరేసిన బట్టలు. అందుకని మేము బట్టల గురించే మాట్లాడతాం. ఇంత పెద్ద సభలో బట్టల మాటేమిటని నవ్వకండి. ఒక ప్యాంటు రంగు వల్ల ఒక పిల్ల దారి మారిపోవడం మేము కళ్లారా చూశాం.

కొన్నేళ్ల కిందట మా హాస్టల్లో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల ఒకతె ఉండేది. బస్సు దిగాక రెండు గంటలు నడిస్తే గానీ వాళ్ల ఊరు రాదు. ఆ నడకే ఆమెకు శిక్షణ అనుకోండి. 800 మీటర్లు పరిగెత్తితే మా కాలేజీలో ఆమెను అందుకునే పిల్ల లేదు. జిల్లా సెలక్షన్‌కి పేరు పంపించాం. సరిగ్గా పది రోజుల ముందు గ్రౌండ్‌కి రావడం మానేసింది. ఒక రోజు కడుపునొప్పి అంది, ఇంకో రోజు కాలు బెణికిందంది. బద్ధకం అనుకున్నాం. మందలించాం. చివరికి ఆమె పేరు కొట్టేసి ఇంకొకర్ని పంపించాం.

అసలు సంగతి ఏడాది తర్వాత, హాస్టల్ ఖాళీ చేసే రోజు చెప్పింది. సెలక్షన్‌కి మేము ఇచ్చిన స్పోర్ట్స్ డ్రెస్ తెల్లది. ఆమె నెలసరి తేదీ సరిగ్గా అప్పుడే. ‘మేడమ్, మా ఊరి అబ్బాయిలు కూడా ఆ గ్రౌండ్‌లోనే ఉంటారు. తెల్ల ప్యాంటు మీద మచ్చ పడితే ఊరంతా తెలిసిపోదా’ అంది. ఇంకో రంగు ప్యాంటు ఇవ్వమని అడగొచ్చు కదా అన్నాం. ‘యూనిఫాం కదా మేడమ్, మార్చరనుకున్నాను’ అంది.

అప్పటికి ఇంటర్ అయిపోయింది. సెలక్షన్ సర్టిఫికెట్ ఉంటే డిగ్రీలో సీటుకైనా, పోలీసు, రైల్వే లాంటి ఉద్యోగాలకైనా స్పోర్ట్స్ కోటాలో ఎంతో కొంత దారి ఉంటుంది. ఆ దారి దగ్గర మేమే ఒక తెల్ల ప్యాంటు అడ్డం కట్టాం. తప్పు పిల్లది కాదు. అడగని మాది.

ఉపాధ్యాయ శిక్షణలో ‘పిల్లవాడి మనసు తెలుసుకుని బోధించాలి’ అని పేజీలకు పేజీలు పరీక్ష రాసి వచ్చినవాళ్లం మేము. రాయడం తేలిక, అడగడమే ఆలస్యంగా నేర్చుకున్నాం. ఆ తర్వాత పక్కనున్న బాలుర హాస్టల్ వాళ్లతో కూడా మాట్లాడి, పిల్లలందరికీ చీటీలు పంచాం. ప్రశ్నలు రెండే. ఆటకి వేసుకునే బట్టల్లో నీకు ఇబ్బంది ఏమిటి? ఆటల్లో నీకు అన్యాయం అనిపించేది ఏమిటి? పేరు రాయొద్దన్నాం.

ఆ చీటీల్లో కొన్ని మీకూ వినిపిస్తాం. ముందు అమ్మాయిలవి.

‘టీ షర్టులు అబ్బాయిల సైజువి ఇస్తారు. మెడ జారిపోతుంది. ఒక చేత్తో మెడ పట్టుకుని కబడ్డీ ఎలా ఆడాలి?’

‘చున్నీకి పిన్నులు పెట్టుకుని షటిల్ ఆడుతున్నాను. పిన్ను గుచ్చుకుంటుంది.’

‘షార్ట్స్ వేసుకోమంటే ఆట మానేస్తాను.’ దాని కిందే ఇంకో చీటీ, ‘ట్రాక్ ప్యాంటు కాళ్లకి అడ్డం పడుతోంది, నాకు షార్ట్స్ కావాలి.’

‘సాయంత్రం అయిదున్నర వరకు గ్రౌండ్ నిండా అబ్బాయిలే. ఆరింటికి మమ్మల్ని లోపలికి రమ్మంటారు. మాకు గ్రౌండ్ ఎప్పుడు?’

ఇప్పుడు అబ్బాయిలవి.

‘అమ్మాయిలకి షాట్‌పుట్ గుండు తేలిక. వాలీబాల్ నెట్ కిందకి కడతారు. మెడల్ మాత్రం ఒకటే. ఇది న్యాయమా?’

‘నా కాళ్లు సన్నం. నిక్కరు వేసుకుంటే ఏడిపిస్తారు. అందుకే నేను ఆటకి రాను.’

‘మా అక్క నాకంటే బాగా పరిగెడుతుంది. ఇంట్లో షూ నాకే కొన్నారు.’

ఈ చివరి చీటీ చదివాక ఆ గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ముందు గుండు సంగతి తేల్చుకుందాం. ఆ తమ్ముడు అడిగింది మంచి ప్రశ్న. కోప్పడితే జవాబు అవదు. పెద్దల పోటీల్లో మగవాళ్ల గుండు 7.26 కిలోలు, ఆడవాళ్లది 4 కిలోలు. వాలీబాల్ నెట్ మగవాళ్లకి 2.43 మీటర్లు, ఆడవాళ్లకి 2.24 మీటర్లు. ఎదిగే వయసులో అబ్బాయిల ఒంట్లో కండ, ఎత్తు, రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి సగటున ఎక్కువగా పెరుగుతాయి. అందుకే వేరే కొలత పెట్టారు. బాక్సింగ్‌లో 50 కిలోల కుర్రాడిని 80 కిలోల వాడి ముందు నిలబెట్టరు కదా. వాడికి తక్కువ బరువు విభాగంలో మెడల్ ఇచ్చారని ఎవరూ గొణగరు. ఇదీ అంతే. శరీరాన్ని చూసి పెట్టిన తేడా పోటీని సమం చేస్తుంది.

ఇంకో రకం తేడా ఉంది. అది శరీరాన్ని చూసి పెట్టింది కాదు, భయంతోనో సిగ్గుతోనో పెట్టింది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లకి 800 మీటర్ల పరుగు పెట్టారు. పరుగయ్యాక కొందరు అలిసి కూలబడ్డారని, ఆడవాళ్ల ఒంటికి ఇంత దూరం పనికిరాదని తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. 32 ఏళ్లు! మగవాడు అలిసి పడితే ప్రాణం పెట్టి పరిగెత్తాడంటాం. ఆడపిల్ల పడితే పరుగే తీసేశారు.

అదే 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టుకి కెప్టెన్ మన ఆదివాసీ బిడ్డ జైపాల్ సింగ్ ముండా. ఆయన పుట్టింది ఇప్పటి జార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతంలో. అదే ఖూంటీ నుంచి నిక్కీ ప్రధాన్ హాకీ కర్ర పట్టుకుని ఒలింపిక్స్‌కి వెళ్లింది 2016లో. జార్ఖండ్ నుంచి ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి మహిళా హాకీ క్రీడాకారిణి ఆమే. ఒకే నేల. మగబిడ్డకీ ఆడబిడ్డకీ మధ్య 88 ఏళ్లు. అన్నేళ్లలో అక్కడ బాగా ఆడే ఆడపిల్ల పుట్టలేదంటే మనం నమ్ముతామా?

ఇప్పుడు బట్టల దగ్గరికి వద్దాం. 2021లో యూరప్‌లో బీచ్ హ్యాండ్‌బాల్ పోటీల్లో నార్వే అమ్మాయిలు బికినీ బదులు షార్ట్స్ వేసుకుని ఆడారు. నిబంధన తప్పారని జట్టుకి 1,500 యూరోల జరిమానా వేశారు. లోకమంతా తప్పుపట్టాక అదే ఏడాది ఆ నిబంధన మార్చారు. 2011లో బ్యాడ్మింటన్ సమాఖ్య పెద్ద పోటీల్లో ఆడవాళ్లు స్కర్టు వేసుకోవాల్సిందేనని చెప్పింది. క్రీడాకారిణులు ఒప్పుకోకపోవడంతో వెనక్కి తీసుకుంది. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కి ఎదురైంది మరోరకం మాట. షార్ట్స్ వేసుకుని ఆడపిల్ల గుద్దులాటేమిటని బంధువులే అన్నారు. ఆమె 2022లో ప్రపంచ ఛాంపియన్ అయింది.

చూడండి, ఒకచోట కప్పుకోమన్నారు. ఒకచోట విప్పమన్నారు. మాటలు వేరు, తప్పు ఒకటే. వేసుకునే మనిషిని అడగలేదు. చూసేవాళ్ల కళ్లకోసం కుట్టించారు.

మా తెల్ల ప్యాంటు గొడవ మా కొండల్లోదే అనుకున్నాం ఇన్నాళ్లూ. వింబుల్డన్ టెన్నిస్‌లో అంతా తెలుపే వేసుకోవాలన్నది చాలా పాత నియమం. అక్కడ ఆడే అమ్మాయిలకీ మా పిల్లకున్న భయమే. 2023 నుంచి ఆడవాళ్లు లోపల ముదురు రంగు షార్ట్స్ వేసుకోవచ్చని నియమం సడలించారు. అదే ఏడాది ఇంగ్లాండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టు తెల్ల షార్ట్స్ మానేసి నీలం వేసుకుంది. లండన్‌లో మారిన నియమం మన హాస్టల్లో మారకూడదా?

మేము మార్చినవి చిన్నవే. ట్రాక్ ప్యాంటు నేవీ బ్లూ చేశాం. అమ్మాయిల కొలతలు అమ్మాయిలకే తీయించాం. పొడుగు ట్రాక్ కావాలన్నవాళ్లకి ట్రాక్, షార్ట్స్ కావాలన్నవాళ్లకి మోకాళ్ల వరకు షార్ట్స్, రంగు ఒకటే. గ్రౌండ్‌లో చున్నీ అక్కర్లేదన్నాం. బంతులుండే సంచిలోనే ప్యాడ్లు, ఒక అదనపు ప్యాంటు పెట్టాం. ఎవరినీ అడగకుండా తీసుకోవచ్చు. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం గ్రౌండ్ అమ్మాయిలది. మొదటి నెల అబ్బాయిలు అలిగారు. ఇప్పుడు వాళ్లే బుధవారం వాలీబాల్ నెట్ కడుతున్నారు.

ఒక తల్లి మాత్రం హాస్టల్‌కి వచ్చి గట్టిగా అడిగింది. పిల్ల ఇలా ఎగురుతుంటే రేపు సంబంధాలు ఎలా వస్తాయని ఆమె బాధ. ఆ బాధ అబద్ధం కాదు, మేము కొట్టిపారెయ్యలేదు. ఆమెతో వచ్చిన ముసలి అత్త అంతసేపూ చుట్ట కాలుస్తూ కూర్చుంది. చివరికి అంది, ‘పోడుకెల్లినప్పుడు నువ్వు కోక పైకి దోపుకోనేదేటే? అప్పుడెవులు తప్పన్నారు?’

అంతకంటే గొప్ప ఉపన్యాసం మేము ఇవ్వలేం. మన అవ్వలు కోక మోకాళ్ల కిందివరకే కట్టారు. ఎందుకు? కొండ ఎక్కాలి, వాగు దాటాలి, నెత్తిన కట్టెల మోపు. థింసా ఆడేటప్పుడు కూడా అదే కట్టు. డప్పు, తుడుము మోగుతుంటే ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని అడుగు వెయ్యాలంటే కాళ్లు విడిగా ఉండాలి. మన కట్టు పనిని చూసి, నేలను చూసి పుట్టింది. ఆడపిల్ల గ్రౌండ్‌లో వీలైన బట్ట వేసుకుంటే మన సంస్కృతి పోతుందనేవాళ్లు ఒకసారి ఇంట్లో అవ్వని అడిగి రండి.

మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ, గురుకుల విద్యార్థిని. అప్పటికి ఆమెకి 13 ఏళ్ల 11 నెలలు. ఆ మంచులో ఆమె ఒంటి మీద ఉన్నది ప్రాణం కాపాడే బట్ట. అది ఆడపిల్ల బట్టేనా అని అక్కడ ఎవరూ అడగలేదు.

కానివి ఇంకా ఉన్నాయి. మాకు మహిళా పీఈటీ లేరు. బయటి పోటీలకి వెళ్తే చాలా గ్రౌండ్లలో ఆడపిల్లలకి బట్టలు మార్చుకునే గది ఉండదు. దాతలు ఇచ్చే జెర్సీలు ఇప్పటికీ తెల్లవే వస్తాయి. అయినా ఒకప్పుడు ఏడుగురు దొరక్క కబడ్డీ జట్టు కట్టలేకపోయిన హాస్టల్లో ఇప్పుడు రెండు జట్లు తలపడుతున్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో ఉన్న పనులు కొన్ని చెప్పి ముగిస్తాం.

సంక్రాంతికి మన ఊళ్లలో కుర్రాళ్లకి వాలీబాల్, క్రికెట్ టోర్నమెంట్లు పెడతారు, నగదు బహుమతి ఇస్తారు. ఆడపిల్లలకి ముగ్గుల పోటీ, కుర్చీలాట పెట్టి ఒక స్టీలు గిన్నె ఇస్తారు. ముగ్గులు ఉండనివ్వండి. దాంతోపాటు వాళ్లకీ ఒక వాలీబాల్ పోటీ, అదే మొత్తం బహుమతి పెట్టండి. 2022లో మన క్రికెట్ బోర్డే మగవాళ్లకీ ఆడవాళ్లకీ మ్యాచ్ ఫీజు సమానం చేసింది. మన యువజన సంఘాలు చెయ్యలేవా?

జెర్సీలు కొనేముందు వేసుకునేవాళ్ల చేత రంగు, సైజు చెప్పించండి. ఆడపిల్ల ఆడుతుంటే ఫోన్ తీసి వీడియో పట్టి స్టేటస్‌లో పెట్టకండి. ఆటలు మానేయడానికి ఈ మధ్య మా పిల్లలు చెబుతున్న పెద్ద కారణం ఇదే. సన్నకాళ్ల తమ్ముణ్ణి ఏడిపించకండి, వాడూ ఆడాలి. ఇంట్లో ఒకే షూ జత కొనే డబ్బుంటే, ఎవరు బాగా పరిగెడతారో చూసి కొనండి.

చెల్లెళ్లకి ఒక్క మాట. ఇబ్బంది ఉంటే కడుపునొప్పి అని చెప్పకండి. ఉన్నది చెప్పండి. వినకపోతే మళ్లీ చెప్పండి. వినడం మా ఉద్యోగం.

మొదట చెప్పిన పిల్లకి పెళ్లయింది, ఊళ్లోనే ఉంటోంది. ఈ జూన్‌లో చెల్లెల్ని హాస్టల్లో చేర్చడానికి వచ్చింది. దరఖాస్తు నింపాక ఒక్కటే అడిగింది, ‘ట్రాక్ ప్యాంటు ఇప్పుడు ఏ రంగు మేడమ్?’

నేవీ బ్లూ అన్నాం. సంచి భుజానికి తగిలించుకుని నవ్వుతూ వెళ్లింది. ఆ మాట ఆమెకి సమయానికి చెప్పలేకపోయాం. చెల్లెలు మాత్రం రోజూ సాయంత్రం గ్రౌండ్‌లో ఉంటోంది.

జై ఆదివాసీ!