నల్ల అద్దాల వెనక ఎవరు?

(తెనాలిలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెనాలి నుంచి అటు రేపల్లె, ఇటు బాపట్ల మనం రోజూ తిరిగే దారులే. గట్టు మలుపులు, వెనక లైటు లేని ట్రాక్టర్లు, చీకట్లో సైకిళ్లు. ఇలాంటి రోడ్ల మీద కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ వేసుకుని తిరగడం కొందరికి దర్జా అయిపోయింది. చట్టం ఏమంటోందో చూద్దాం.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ఉంది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. షాపులో 'ఇది 70 శాతం ఫిల్మే' అంటే నమ్మి మోసపోవద్దు. 70 శాతం అద్దం మీద 70 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 49 శాతమే. పక్క అద్దానికి కూడా చాలదు.

నిబంధన ఉన్నా నల్ల కార్లు తిరుగుతూనే ఉన్నాయి. అవిషేక్ గోయెంకా అనే పౌరుడు సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. 2012 ఏప్రిల్ 27న జస్టిస్ కపాడియా ధర్మాసనం తీర్పు చెప్పింది. కంపెనీ కొలత ప్రకారం తయారుచేసిన అద్దం సరే, దానిమీద ఏ ఫిల్మూ అంటించరాదంది. నల్ల అద్దాల చాటున జరిగే నేరాలను ఎత్తిచూపింది. మే 4 నుంచి అమలు చేయమంది.

2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధన మాటలు మారాయి. దాన్ని బట్టి, ప్రమాణాలకు లోబడిన ఫిల్మ్ వేసుకోవచ్చని 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు చెప్పింది. కానీ 70, 50 కొలత అలాగే ఉంది. ఆ తీర్పు చూపించి కారును చీకటి గది చేసుకుంటామంటే కుదరదు.

ఇక అసలు ప్రశ్న. ఎండకు ఓర్వలేక ఫిల్మ్ వేసుకున్న గుమస్తా కారును ఆపి చలానా రాస్తారు. నాయకుడి కాన్వాయ్ వస్తే సెల్యూట్ కొడతారు. ఇదేం న్యాయం? జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవారికి కూడా మినహాయింపు ఇవ్వాల్సింది అధికారుల కమిటీయే. ఎమ్మెల్యే అనో, పార్టీ జెండా ఉందనో చట్టం ఎవరినీ వదిలిపెట్టలేదు.

అందుకే మనం రెండు పనులు చేద్దాం. ముందు మన బండ్ల ఫిల్మ్ మనమే పీకేద్దాం. ఆ తర్వాత నాయకుల కార్లకు మినహాయింపు ఎవరిచ్చారో, ఏ కాగితం మీద ఇచ్చారో సమాచార హక్కు కింద అడుగుదాం. ఓటు కోసం చేతులు జోడించి వచ్చిన ముఖం గెలిచాక కూడా మనకు కనపడాలి!