ఆగి ఉన్న కారు, ఆగిపోయే ఇంజను

కారు పరుగెత్తుతున్నప్పుడు ఇంజను ఎంత కష్టపడుతున్నదో అందరికీ తెలుస్తుంది. కారు నిలిచి ఉన్నప్పుడు కూడా ఇంజనుకు ఒక పని ఉన్నదనీ, అది పరుగుకంటె సుకుమారమైన పని అనీ చాలామంది తలచరు. రైల్వే గేటు దగ్గరనో, నాలుగు వీథుల కూడలిలోనో యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసినప్పుడు, ఇంజను నిమిషానికి సుమారు 700 మొదలు 900 చుట్ల వరకు తిరుగుతూ తన్ను తాను నిలుపుకోవలె. వేగం మరీ తగ్గితే వణికి ఆగిపోతుంది. పెరిగితే పెట్రోలు వృథా అవుతుంది. ఈ మందగమనాన్ని కాపాడే చిన్న కవాటాన్ని గురించీ, దానికి పట్టే మసిని గురించీ ఈ ప్రసంగంలో ముచ్చటిస్తాను.

1983లో మన రోడ్లమీదికి వచ్చిన మారుతీ 800 కారులో మొదట కార్బురేటరు ఉండేది. మందగమనం చెడితే మెకానిక్కు ఒక స్క్రూను అటో ఇటో తిప్పి, ఇంజను నాదాన్ని చెవితో విని సరిచేసేవాడు. 2000వ సంవత్సరం నుంచి వాహనాల పొగపై నిబంధనలు కఠినం కావడంతో, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షను పద్ధతి మన కార్లలో వ్యాపించింది. ఆనాటి స్క్రూ చేసే పనిని ఇప్పుడు ఒక చిన్న కంప్యూటరూ, దాని ఆజ్ఞకు లోబడిన ఒక కవాటమూ చేపట్టాయి. దీని పేరు ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వు; క్లుప్తంగా ఐ.ఎ.సి. వాల్వు.

ఇంజనులోకి గాలి ప్రవేశించే చోట థ్రాటిల్ అనే రేకు తలుపు ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కితే అది తెరుచుకుంటుంది. కాలు తీస్తే దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. వీథి తలుపు మూసినా దొడ్డిదారి ఉన్నట్లు, ఆ తలుపు పక్కనుంచి ఒక సన్నని గాలిదారి ఉంటుంది. ఆ దారిలోనే మన కవాటం కూర్చుని ఉంటుంది. చాలా కార్లలో చిన్న మోటారు ఒక శంకువు ఆకారపు కొనను ముందుకూ వెనుకకూ జరుపుతుంది. కొన్నిటిలో ఒక బిళ్ళ తిరుగుతుంది. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఎయిర్ కండిషనరు వేసినప్పుడు, ముందు దీపాలు వెలిగించినప్పుడు ఇంజనుపై భారం పెరుగుతుంది. వెంటనే కవాటం మరికొంత తెరుచుకొని గాలిని అందిస్తుంది; కంప్యూటరు అందుకు తగిన పెట్రోలును చేరుస్తుంది.

ఇటువంటి సున్నితమైన దారికి మసి ఎక్కడిది? ఇంజను అడుగుభాగంలో పుట్టే నూనె ఆవిరిని బయటికి వదలక, మరల గాలిదారిలోకే పంపి కాల్చివేసే ఏర్పాటు కార్లలో ఉన్నది. వాతావరణానికి అది మేలే. కాని ఆ ఆవిరిలోని జిడ్డు, వడపోతను తప్పించుకున్న సన్నని ధూళి కలిసి ఏళ్ళ తరబడి కవాటం కొనపై కాటుకవలె పేరుకుంటాయి. కొన కదలనని మొరాయిస్తుంది.

మూసుకొని బిగిసిపోతే, కాలు తీయగానే ఇంజను ఆగుతుంది. తెరుచుకొని బిగిసిపోతే, నిలిచి ఉన్న కారు ఊరక రంకెలు వేస్తుంది. తడబడుతూ కదిలితే, వేగం ఒక క్షణం పెరిగి ఒక క్షణం తగ్గుతుంది. ఇది చికాకు మాత్రమే కాదు. చాలా కార్లలో బ్రేకుకూ స్టీరింగుకూ తోడ్పడే శక్తి నడుస్తున్న ఇంజనునుంచే వస్తుంది. ఘాట్ రోడ్డు దిగుతూ ఉండగా ఇంజను ఆగితే, బ్రేకు ఒకటి రెండుసార్లు మామూలుగా పనిచేసి, పిమ్మట రాయివలె గట్టిపడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. కనుక ఈ లక్షణాన్ని ఉపేక్షించరాదు.

అయితే ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్లు, ఇంజను ఆగుతున్నదనగానే కొత్త వాల్వు కొనమనే సలహాను వెంటనే అంగీకరించనక్కరలేదు. ముందుగా గాలి గొట్టాలను పరీక్షించండి. రబ్బరు గొట్టం పగిలి లెక్కకు రాని గాలి లోపలికి పోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. గొట్టాలు బాగుంటే, కవాటాన్ని శుభ్రం చేసి చూడడమే వివేకం.

ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాత, ఆరుబయట ఈ పనికి పూనుకోవలె. మూసిన షెడ్డులో ఇంజను నడపడం ప్రాణాంతకం. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. బ్యాటరీ నెగటివు తీగను విప్పండి. దీనివలన కొన్ని కార్లలో రేడియో మరల సంకేత సంఖ్యను అడుగుతుంది. దానిని ముందే చూచి ఉంచుకోండి. కవాటం విద్యుత్ కొక్కెం తీసి, స్క్రూలు విప్పి, దానిని మెల్లగా బయటికి లాగండి. కొన్నిటికి వేడినీటి గొట్టాలు కూడా తగిలించి ఉంటాయి. అట్టివి మెకానిక్కు చేతికి ఇవ్వడం మంచిది.

థ్రాటిల్ శుభ్రపరచడానికి అంగడిలో అమ్మే ద్రావకాన్ని మెత్తని కుంచెకు తడిపి, కొననూ గాలిదారినీ తుడవండి. మోటారు ఉన్న భాగాన్ని తడపరాదు. కొన కిందికి వాలేటట్లు పట్టుకుంటే ద్రావకం మోటారులోకి పోదు. కొనను వేళ్ళతో లాగడం, నెట్టడం, కత్తితో గీకడం కూడదు. లోపలి సన్నని పళ్ళు అరుగుతాయి. ద్రావకం మండే పదార్థం గనుక బీడీ, సిగరెట్టు, పొయ్యి దరిదాపుల ఉండరాదు. ఆరిన పిమ్మట రబ్బరు రింగు గాని గాస్కెట్టు గాని చిట్లి ఉంటే కొత్తది వేసి, అన్నిటినీ యథాస్థానంలో బిగించండి.

మొదటిసారి స్టార్టు చేసినప్పుడు వేగం కొంత అటూ ఇటూ కావచ్చు. కంప్యూటరు కొత్త స్థితిని గ్రహించడానికి వ్యవధి కావలె; అందుకు ప్రత్యేక విధానం ఉంటే కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడండి. ఇంజను వేడెక్కిన తర్వాత ఎయిర్ కండిషనరు వేసి గమనించండి. ఒక్కసారి కుంగి వెంటనే తేరుకుంటే పని ఫలించినట్లే. అప్పటికీ ఆగిపోతూనే ఉంటే మోటారు చెడి ఉండవచ్చు. అప్పుడు కొత్తది కొన్నా ఆ ఖర్చు సార్థకం.

ఇటీవలి కార్లలో థ్రాటిల్ తలుపును విద్యుత్ మోటారే నేరుగా కదుపుతుంది. వాటిలో వేరుగా ఈ కవాటం ఉండదు. ఆ తలుపును వేలితో నెట్టకండి. కాని మన ఊళ్ళలో చేతులు మారుతూ ఇంకా తిరుగుతున్న పాత కార్లలో ఈ కవాటం ఉన్నది. వాటిని కొనేవారిలో లెక్క చూచి ఖర్చుపెట్టే కుటుంబాలే ఎక్కువ. వారికి ఒక డబ్బా ద్రావకంతో, ఒక గంట ఓపికతో తీరే పనికి కొత్త వాల్వు వెల పెట్టవలసిన అగత్యం లేదు. గాలి వడపోతను వేళకు మార్చడం, ఇంజను నూనెను గడువు దాటనీయకపోవడం మరువకుంటే మసి మరల త్వరగా చేరదు. కారును నడపడం నేర్చినవారు, అది నిలిచి ఉన్నప్పుడు చేసే సవ్వడిని వినడం కూడా నేర్చుకొనవలె.