దేవుని సొత్తునకు సంరక్షకుడెవరు?
(పఠనమందిర సభయందు చేసిన యుపన్యాసము)



హుండీలో రూపాయి వేసి నమస్కరించి వచ్చు భక్తుడు ఆ రూపాయి యిక నెవరిదని యెన్నడును విచారింపడు. స్వామికిచ్చితి ననుకొనును. అది నిజమే. మన న్యాయస్థానముల తీర్పులను బట్టి ఆలయమందలి మూర్తి ఆస్తి కలిగియుండదగిన వ్యక్తి. కాని యా వ్యక్తి సంతకము చేయడు, లెక్క లడుగడు. వ్యాజ్యము వచ్చినచో నాయన పక్షమున మరియొకడు నిలువవలయును. కోట్ల ఆస్తిగల ఆ స్వామిని చట్టము మైనరు బాలునివలె చూచును. అట్టి బాలునికి సంరక్షకుడెవ డను ప్రశ్నయే రెండు వందల యేండ్లుగా మన ప్రాంతమున మతమునకును ప్రభుత్వమునకును నడుమ నలుగుచున్నది.

1817లో కుంఫిణీ ప్రభుత్వము మద్రాసు రాజధానిలో ఏడవ రెగ్యులేషను చేసి, దేవాలయముల మాన్యములు దుర్వినియోగము కాకుండ చూచు భారమును రెవిన్యూ బోర్డున కొప్పగించెను. క్రైస్తవ ప్రభువులు విగ్రహారాధనకు తోడ్పడుట యేమని మిషనరీలు ఇంగ్లండులో గగ్గోలు పెట్టగా, కుంఫిణీవారు మెల్లగా చేతులు కడుగుకొనిరి. తిరుమల ఆలయ నిర్వాహము 1843లో హాథీరాంజీ మఠపు మహంతుల చేతికి వచ్చెను. 1863 నాటి చట్టముతో దొరతనము దాదాపు పూర్తిగా తప్పుకొనెను. దీనిని కొందరు మత తటస్థత యందురు. కాపలావాడు తాళపుచెవిని ఎవరి చేతనో పెట్టి ఇంటికి పోవుటను తటస్థత యనుట నాకు చేతకాదు. మాన్యము అన్యాక్రాంతమైనచో ఊరివారే సొంత ఖర్చుతో దావా వేసికొనవలసి వచ్చెను. సామాన్యుడెవడు వేయగలడు?

కనుకనే మనవారికి మంత్రిపదవులు దక్కిన వెంటనే ఈ పని చేపట్టిరి. పానగల్లు రాజావారి మంత్రివర్గ కాలమున, 1925లో, దేవాదాయ చట్టము వెలువడెను. దాని చెల్లుబాటును గూర్చి సందేహములు కలుగగా 1927లో మరల చేయవలసివచ్చెను. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానములకు ప్రత్యేక శాసనమేర్పడి, మహంతుల యేలుబడి ముగిసెను. ఇంతవరకు జరిగినదానిని నేను తప్పుపట్టను.

1950లో రాజ్యాంగము వచ్చినది. దాని 26వ అధికరణమును చదువునపుడు ఒక చిన్న మాటను గమనింపుడు. మత విషయములను తామే చక్కబెట్టుకొను హక్కును సంప్రదాయములకిచ్చుచోట 'చట్టము ప్రకారము' అను మాట లేదు. ఆస్తి నిర్వహణను గూర్చి చెప్పుచోట నున్నది. పూజ మతముది, పొలము లెక్క చట్టమునకు లోబడినది. గీత గీయుట సులభమే. అది యెక్కడ పడునో తేల్చుటయే కష్టము.

ఆ కష్టము మొదట ఉడిపి నుండి వచ్చెను. 1951 నాటి మద్రాసు చట్టమును అష్టమఠములలో నొకటైన శిరూరు మఠాధిపతి ఎదిరించెను. 1954 మార్చి 16న సుప్రీముకోర్టున ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పక్షమున జస్టిస్ ముఖర్జియాగారు తీర్పు చెప్పిరి. ఏ ఘడియకు ఏ నైవేద్యము పెట్టవలయునో, ఏ క్రతువు ఎట్లు జరుపవలయునో ఆ మతమే చెప్పుకొనవలయును. అది ముఖ్యము కాదని బయటి యధికారి చెప్పరాదు. కాని దానికెంత వ్యయము చేయవచ్చునను విషయమున చట్టము కలుగజేసికొనవచ్చును. అధికారి వేళాపాళా లేక గర్భాలయమున సైతము ప్రవేశింపవచ్చునను నిబంధనను కోర్టు కొట్టివేసెను. ఆదాయమున నూటికి ఐదువరకు సర్కారు వసూలు చేయుట, చేసిన సేవకు రుసుము కాదు, పన్నే యనియు, అట్టి పన్ను వేయు నధికారము రాష్ట్ర శాసనసభకు లేదనియు తేల్చెను. అన్నిటికంటె ముఖ్యమైన దింకొకటి: నిర్వహణహక్కును సంప్రదాయము చేతినుండి పూర్తిగా లాగి వేరొకరికిచ్చు చట్టము నిలువదు.

అట్లని మతము పేరు చెప్పి తలుపు మూయుటకును కోర్టు ఒప్పుకొనలేదు. మూల్కి వేంకటరమణ దేవాలయము తమ సంప్రదాయపు సొత్తని గౌడసారస్వతులు వాదింపగా, కొన్ని విశేషపూజలు వారికే విడిచి, హిందువులలో ఏ తెగవారికిని ద్వారము మూయరాదని 1957లో తీర్పు వచ్చెను. ఆ తీర్పును నేను రెండు చేతుల స్వాగతించెదను.

ఇక మన యింటి మాట. 1987లో ఆంధ్రప్రదేశ శాసనసభ, జస్టిస్ చల్లా కొండయ్యగారి సంఘము నివేదికపై, అర్చకుల వంశపారంపర్య హక్కులను, హుండీలో వాటాలను రద్దుచేసెను. అర్చకుని నియామకము లౌకికకార్యమేయని సుప్రీముకోర్టు 1996లో సమర్థించెను. పెద్ద క్షేత్రముల వాటాలు పోవుట న్యాయమే కావచ్చును. కాని హుండీయే నిండని పల్లెగుడిలో దీపము పెట్టు అర్చకునికి పళ్లెములోని చిల్లరయే జీతము. అతని సంగతి శాసనకర్తలకు ఆలస్యముగా తోచినది. 2007లో చట్టమును కొంత సడలించిరి.

నన్ను కలతపెట్టునది వేరొకటి. చిదంబరము నటరాజాలయపు వ్యాజ్యమున 2014 జనవరిలో సుప్రీముకోర్టు ఏమి చెప్పెను? అక్రమములు జరిగినపుడు ప్రభుత్వము నిర్వహణను చేపట్టవచ్చును, చెడును చక్కజేసిన పిమ్మట తిరిగి యప్పగింపవలయును, శాశ్వతముగా నుంచుకొనరాదు. వైద్యుడు రోగి యింట కాపురము పెట్టరాదు గదా! మన 1987 చట్టములో ఆలయములను తరగతులుగా విభజించినది దేనిని బట్టి? ఆదాయమును బట్టి. ఆదాయము హెచ్చిన కొలది పై హోదాగల అధికారి వచ్చును. ధర్మకర్తల మండలిని నియమించు వారును మారుదురు. అనగా మన చట్టమున సర్కారు చేయి గుడి చేసిన తప్పును కొలుచుట లేదు. గుడికి వచ్చు రాబడిని కొలుచుచున్నది. మహంతుల కాలము మరల రావలెనని నేను కోరను. ఊరివారికి, భక్తులకు, అర్చకులకు స్థానముగల మండలియు, బహిరంగమైన లెక్కలును, వానిని తనిఖీ చేయుటకు మాత్రమే ప్రభుత్వమును ఉండినచో చాలదా?

సభలోని పెద్దలు కొందరు ధర్మకర్తలుగా పనిచేసినవారే. మన పట్టణపు ఆలయమునకు కార్యనిర్వహణాధికారిని వేసిన ఉత్తర్వు ప్రతిని సంపాదించి ఈ పఠనమందిరపు బల్లపై నుంచుడు. అందు ఏ దోషము చూపిరో, ఏ గడువు విధించిరో అందరును చదివెదరు గాక. వచ్చు సమావేశమున నేనును వచ్చి చదివెదను.