పీపాలు మ్రోగే పట్టణం



స్పెయిన్ దేశపు ఉత్తర తీరాన, ఫ్రాన్స్ సరిహద్దుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఒక పట్టణమున్నది. స్పానిష్ వారు దానిని సాన్ సెబాస్తియాన్ అంటారు. బాస్క్ ప్రజలు దొనోస్తియా అంటారు. అధికార పత్రాలలో రెండు పేర్లూ జంటగా ఉంటాయి. భోజనప్రియులకు అది పుణ్యక్షేత్రమే. 1989లో మూడు మిషెలిన్ నక్షత్రాలు పొందిన అర్జాక్ భోజనశాల అక్కడిదే. అయితే నేను చెప్పదలచినది అంత ఖరీదైన విందును గురించి కాదు. జనవరి 20న జరిగే తాంబొర్రాదా ఉత్సవాన్ని గురించి.

19వ తేదీ అర్ధరాత్రి పాత పట్టణపు కూడలిలో పతాకం ఎగురుతుంది. ఆ క్షణం నుండి ఇరవైనాలుగు గంటలు ఊరంతా వాద్యఘోషే. సైనిక వేషధారులు డ్రమ్ములు వాయిస్తారు. వంటవారి తెల్లని దుస్తులు, టోపీలు ధరించినవారు చిన్న పీపాలపై దరువు వేస్తారు. యుద్ధవాద్యం ప్రక్కన వంటవాడెందుకు? పూర్వం ఊరిలో దండు విడిసి ఉన్న రోజులలో, నీటికి వచ్చిన స్త్రీలు సైనికుల దరువును వెక్కిరిస్తూ బిందెలు మోగించారని జనశ్రుతి. ఆ కథలో వాయించినది స్త్రీ. ఉత్సవంలో మాత్రం చాలాకాలం వాద్యం పట్టే హక్కు పురుషునిదే. ఇది నాకు మింగుడుపడలేదు.

1813 ఆగస్టు 31న, ఫ్రెంచివారి నుండి ఊరిని విడిపించ వచ్చిన ఆంగ్ల, పోర్చుగీసు సేనలే దానిని దోచి తగులబెట్టాయి. మంటలనుండి మిగిలిన వీధికి నేటికీ ఆ తేదీయే పేరు.

ఉత్సవపు రాత్రి భోజనం పాకసంఘాలలో జరుగుతుంది. ఊనియన్ ఆర్తెసానా అనే సంఘం 1870 నాటిది. వంటశాల ఉమ్మడి, సభ్యులే వండుతారు, వాడుకున్న సరుకులకు తామే లెక్క వ్రాసి సొమ్ము ఉంచుతారు. కాపలా ఉండదు. బయటి దుకాణాలలో పుల్లకు గుచ్చిన ఆలివ్ కాయ, ఊరవేసిన పచ్చిమిరప, ఉప్పుచేప కలిపి ఇస్తారు. దాని పేరు హిల్దా. 1946 నాటి చలనచిత్రం పేరే దానికి పెట్టారు. ఆ మిరపకాయ మన వాకిలికీ సముద్రం దాటివచ్చినదే కదా, నోటికి కొత్తగా తోచలేదు.

ఊరంతా పాడే ఆ కవాతుపాటకు 1861లో సర్రియేగి బాణీ కట్టగా, సెరఫీన్ బరోహా బాస్క్ భాషలో మాటలు కూర్చాడు. 20వ తేదీ మధ్యాహ్నం వేలాది పిల్లలు ఆ దరువుతో సాగుతారు. 1939 నుండి 1975 వరకు సాగిన ఫ్రాంకో పాలనలో ఆ భాషను బడినుండి, కార్యాలయం నుండి తరిమివేశారు. 1979 నాటి స్వయంపాలన చట్టం దానికి స్పానిష్‌తోపాటు అధికార హోదా నిచ్చింది; 1982 చట్టం బడులలో చోటు కల్పించింది.

మనవంటి సరిహద్దువారికి అసలు విషయం ఇప్పుడు వస్తుంది. బిదసోవా నది దాటితే ఫ్రాన్స్. అక్కడా అదే భాష, అవే ఇంటిపేర్లు. అధికార హోదా మాత్రం లేదు. 1969 నుండి సేయాస్కా సంస్థ తల్లిదండ్రుల పూనికతో బాస్క్ బడులు నడుపుతున్నది. పాఠాలన్నీ ప్రధానంగా ప్రాంతీయ భాషలోనే బోధించే పద్ధతిని అనుమతించిన నిబంధనను 2021 మే 21న ఫ్రెంచి రాజ్యాంగ మండలి కొట్టివేసింది. ఆ నెలాఖరులోనే బయోన్ పట్టణంలో వేలమంది ఊరేగారు. బడులు మూతపడలేదు.